తుప్పులో ఇనుముందా?

ఉద్దానంలో ఇనుముకి ఆయుష్షు తక్కువ. కవిటి, బారువ, వజ్రపుకొత్తూరు వైపు సముద్రపు గాలి నేరుగా తగిలే ఇళ్లలో కిటికీ చువ్వలు, గేట్లు, బోరు గొట్టాలు పెయింటు మీద పెయింటు వేసినా నాలుగు వానలకే ఎర్రబడి పొరలు పొరలుగా ఊడిపోతాయి. జలంత్రకోట కూడలిలో వెల్డింగ్ షాపు నడిపే మేస్త్రికి పని ఇచ్చేది ఆ తుప్పే. ఆయన మేనకోడలు హైస్కూల్లో సైన్సు టీచరు, ఆమెకి అది పాఠం: ఇనుము మూలకం, తుప్పు సమ్మేళనం. ఈ రెండో మాట దగ్గరే ఇద్దరికీ పడదు. మేస్త్రి చదువు ఏడో తరగతితో ఆగింది గానీ, ఆయన వేసే ప్రశ్నలు రెండు వందల ఏళ్ల కిందట యూరప్ రసాయనవేత్తలు ఒకరికొకరు వేసుకున్నవే. వాటికి పాఠ్యపుస్తకం ఇచ్చే రెండు వాక్యాల జవాబు చాలదని నా నమ్మకం. అందుకే వాళ్ల వాదన ఉన్నదున్నట్టు పెడుతున్నాను.

మేస్త్రి: తుప్పంటే వేరే వస్తువేటీ కాదమ్మా. ఇనుమే. ఉప్పు గాలి తినేసిన ఇనుం. మనిషి పోతే పీనుగంటాం, అంతమాత్రాన అది మనిషిది కాదంటామా?

టీచరు: పీనుగ బరువు పెరగదు కదా మావయ్యా. తుప్పు బరువు పెరుగుతుంది. 7 కిలోల ఇనుము మొత్తం ఎర్ర ఆక్సైడుగా మారితే 10 కిలోలు తూగుతుంది. పైన వచ్చిన 3 కిలోలు ఎక్కడివి?

మేస్త్రి: ఎక్కడ పెరిగిందమ్మా? తుప్పు పట్టిన గేటు విప్పి పాత ఇనుం కొట్టుకి తీసుకెళ్తే, కొన్ననాటి బరువులో సగం రాదు. కాటా అబద్ధం సెప్తాదేటి?

టీచరు: కాటా నిజమే చెప్పింది. నువ్వే సగం సరుకు తూచలేదు. గోడ కింద రాలిన పెచ్చులు, వానలో కొట్టుకుపోయిన ఎర్ర నీళ్లు కాటా ఎక్కలేదు. ఏదీ రాలిపోకుండా చూడాలంటే, వడ్రంగులు పాలిష్‌కి వాడే సన్నటి ఇనుప పీచు తీసుకో. స్కూల్లో దాన్ని త్రాసు ఒక పళ్లెంలో పెట్టి, రెండో పళ్లెంలో సరిపడా బరువు వేసి, పీచుకి నిప్పు అంటిస్తాం. మంట లేవదు. ఎర్రటి కణిక ఒక కొస నుంచి పాకుకుంటూ పోతుంది. కాలినకొద్దీ పళ్లెం కిందికి దిగుతుంది. పిల్లలు ప్రతి ఏడూ పైకి లేస్తుందనే అనుకుంటారు.

మేస్త్రి: కాలినది పైకి లేవాలి కదా మరి. కట్టె కాలితే బూడిదే మిగులుతాది.

ఇక్కడ ఒక మాట. మేస్త్రి అన్నదే పద్దెనిమిదో శతాబ్దంలో ముప్పాతిక భాగం శాస్త్రమై నడిచింది. జర్మనీకి చెందిన స్టాల్ అనే రసాయనవేత్త, లోహంలో ఫ్లోజిస్టన్ అనే ఒక దహన పదార్థం ఉంటుందనీ, తుప్పు పట్టినా కాలినా అది వెళ్లిపోతుందనీ చెప్పాడు. ఆ లెక్కన తుప్పే అసలు సరుకు, ఇనుము దానికి ఇంకొకటి కలిసిన జోడు సరుకు. ఏది మూలకం, ఏది సమ్మేళనం అన్నది పూర్తిగా తలకిందులన్న మాట. ఫ్రాన్సులో లావోయిజర్ మూతబెట్టిన గాజు పాత్రల్లో లోహాల్ని కాల్చి, లోహానికి పెరిగిన బరువూ గాలిలో తగ్గిన బరువూ ఒకటేనని తూచి చూపించాకే వరస సరైంది. రసాయన శాస్త్రం దారిన పడింది త్రాసు వల్ల.

మేస్త్రి: బరువు పెరిగిందనే అనుకో. ఆ పెరిగింది ఉప్పే అవ్వొచ్చు కదా. ఇదే చువ్వ పై ఊళ్లలో పదేళ్లు ఉంటాది. బారువ తీసుకెళ్లి పెట్టు, రెండేళ్లు నిలబడదు. రెండు చోట్లా గాలి ఒకటే. తేడా ఉప్పే.

టీచరు: నీ షాపులో మూల నిలబెట్టిన నల్ల సిలిండరులో ఏముంది?

మేస్త్రి: ఆక్సిజన్. కటింగ్‌కి.

టీచరు: కటింగ్ ఎలా చేస్తావు?

మేస్త్రి: ముందు మంటతో ఇనుం ఎర్రగా కాల్తాను. ఎర్రబడ్డాక మీట నొక్కితే ఆక్సిజన్ ధార తగులుతాది. కరిగి కిందికి కారిపోతాది.

టీచరు: కరిగేనా? స్టెయిన్‌లెస్ స్టీలుని ఆ గ్యాస్‌తో కోసి చూశావా?

మేస్త్రి: అది తెగదు. అందరికీ తెలిసిందే. దానికి వేరే మిషను కావాలి.

టీచరు: కరిగించి కోయడమే అయితే స్టెయిన్‌లెస్ కూడా తెగాలి. అది కరిగే వేడి మామూలు ఇనుముకంటే కాస్త తక్కువే. నువ్వు ఇనుముని కరిగించడం లేదు మావయ్యా, ఆక్సిజన్‌తో కాలుస్తున్నావు. ఇనుము కాలిన వేడే కోతని ముందుకి నడుపుతుంది. స్టెయిన్‌లెస్‌లో క్రోమియం ఉంది. అది ఆక్సిజన్‌తో కలిసి పైన గట్టి పొర కట్టి, ఆక్సిజన్‌ని లోపలికి పోనివ్వదు. నీ కాళ్ల దగ్గర రాలే నల్ల చిట్టెం ఉందే, అది ఇనుము ఆక్సైడు. బారువలో రెండేళ్లు పట్టే పని నువ్వు మీట నొక్కి రెండు సెకన్లలో చేస్తున్నావు. అక్కడ ఉప్పు ఏదీ?

మేస్త్రి కొంచెంసేపు మాట్లాడలేదు. ముప్పై ఏళ్లుగా తాను రోజూ చేస్తున్న పని గురించి ఒక కొత్త సంగతి వినడం ఎవరికైనా చిన్న విషయం కాదు. అయితే ఆయన ఊరుకునే మనిషి కాదు.

మేస్త్రి: అయితే ఉప్పు పాపం లేదంతావా?

టీచరు: ఉంది. తుప్పు పట్టడానికి ఇనుము ఒక చోట ఎలక్ట్రాన్లు వదలాలి, ఇంకో చోట ఆక్సిజన్ వాటిని అందుకోవాలి. మధ్యలో తడి ఉండాలి. వట్టి నీటి కంటే ఉప్పు నీటిలో కరెంటు సులువుగా పారుతుంది. పైగా ఉప్పు గాలిలో చెమ్మని పీల్చి ఇనుము మీద తడి ఆరనివ్వదు. పని త్వరగా జరిగేలా చేస్తుందే గానీ, ఇనుముతో కలిసి తుప్పుగా మారేది ఉప్పు కాదు, ఆక్సిజనూ నీరూ.

మేస్త్రి: అది నేను నమ్మను. తీరం మీద ఇళ్లలో తుప్పు మీదే పెయింటు కొట్టమని బేరం ఆడతారు. కొడితే ఏడాది తిరక్కుండా పెయింటు కిందనుంచి బొబ్బలొస్తాయి. అదే తుప్పంతా గీకి, మంచినీళ్లతో రెండు మూడు సార్లు కడిగి, ఎండబెట్టి కొడితే నిలబడతాది. కడగాల్సిన అవసరం ఎందుకొచ్చింది? తుప్పులో ఉప్పు కూర్చుంది కాబట్టే.

టీచరు: ఈ మాటలో నీదే పైచెయ్యి మావయ్యా. పుస్తకంలో తుప్పుకి ఒకటే ఫార్ములా ఇస్తాం గానీ, నిజం తుప్పు ఒక్క సమ్మేళనం కాదు, నాలుగైదు సమ్మేళనాల మిశ్రమం. ఇనుము, ఆక్సిజన్, హైడ్రోజన్ వేరువేరు అమరికల్లో కూర్చుంటాయి. సముద్రం దగ్గర తుప్పులో అకగనైట్ అని ఒకటి ఏర్పడుతుంది. జపాన్‌లో అకగనే అనే గని పేరు దానికి పెట్టారు. దాని అమరికలో సన్నటి గొట్టాల్లాంటి ఖాళీలుంటాయి, వాటిలో ఉప్పులోని క్లోరిన్ ఇరుక్కుంటుంది. తీరపు తుప్పు మీద పెయింటు వేస్తే లోపల ఆ క్లోరైడు పని మానదు. నువ్వు కడిగేది దాన్నే.

మేస్త్రి: చూశావా మరి.

టీచరు: చూశాను. పిల్లలకి ఇకనుంచి ఇది కూడా చెప్తాను.

మేస్త్రి: సరే, ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఆక్సిజన్ కలిసింది, నీరు కలిసింది. కలిసినంత మాత్రాన ఇనుం ఇనుం కాకుండా పోతాదా? గ్రైండరు కింద ఇనుప రజను ఇసకలో కలిసిపోతాది. ఇసకలో ఉన్నా ఇనుం ఇనుమే. అయస్కాంతం పెడితే వచ్చేస్తాది.

టీచరు: తుప్పుకి అయస్కాంతం పెట్టు.

షాపులో పాత స్పీకరు అయస్కాంతం ఒకటి ఉంది. మేస్త్రి గేటు మీది పెచ్చు ఒకటి ఊడదీసి దగ్గర పెట్టాడు. టక్కున అతుక్కుంది. టీచరు ఆ పెచ్చుని తీసుకుని వేలితో విరిచింది. పైన ఎర్రగా, గుండగా ఉంది. లోపలి పొర నల్లగా, గట్టిగా ఉంది. ఎర్ర గుండని కాగితం మీదికి గీకి అయస్కాంతం కాగితం కింద పెడితే కదల్లేదు. నల్ల ముక్క మాత్రం లేచి నిలబడింది.

మేస్త్రి: నల్లదైనా తుప్పే కదా. అతుక్కుంది. అందులో ఇనుం ఉన్నట్టే.

టీచరు: అది మాగ్నటైటు. అదీ ఇనుము ఆక్సైడే, కానీ పాళ్లు వేరు. 21 గ్రాముల ఇనుముతో 9 గ్రాముల ఆక్సిజన్ కలిస్తే ఎర్ర ఆక్సైడు. అదే 21 గ్రాములతో 8 గ్రాములు కలిస్తే ఈ నల్లది. ఒక్క గ్రాము తేడాకి రంగు మారింది, గుణం మారింది, అయస్కాంతానికి అంటుకోవడం మారింది. ఇసకలో ఇనుప రజను చిటికెడు కలుపు, గుప్పెడు కలుపు, నీ ఇష్టం. ఇక్కడ నీ ఇష్టం నడవదు. అయస్కాంతానికి అంటుకున్నది ప్రతీదీ ఇనుము లోహమే అనుకోకు. బారువ ఒడ్డున నల్ల ఇసక చారలు చూశావుగా, వాటిలోని మాగ్నటైటు రవ్వలూ దీనికి అంటుకుంటాయి. అవి వేల ఏళ్లుగా ఉప్పు నీటిలో నానుతూ ఉన్నా తుప్పు పట్టవు. అసలు నీ చేతిలో ఉన్న ఆ స్పీకరు అయస్కాంతమే ఇనుము ఆక్సైడుతో చేసింది. నేలకేసి కొడితే కుండలా పగులుతుంది, ఇనుములా వంగదు.

సమ్మేళనంలో పాళ్లు స్థిరంగా ఉంటాయన్న ఈ నియమాన్ని తేల్చి చెప్పింది ప్రూస్ట్ అనే ఫ్రెంచి రసాయనవేత్త. 1794లో ఆయన ఆ సంగతి మొదట ఎత్తింది కూడా ఇనుము ఆక్సైడుల గురించి రాస్తూనే. బెర్తొలే అనే మరో పెద్దాయన దానికి ఒప్పుకోలేదు. పాళ్లు పరిస్థితిని బట్టి మారతాయని ఏళ్ల తరబడి వాదించాడు. గెలిచింది ప్రూస్ట్. అయినా బెర్తొలే వాదన పూర్తిగా వట్టిపోలేదు. ఇనుము ఆక్సైడుల్లోనే మూడోది ఒకటుంది, దాని పాళ్లు నిజంగానే కొద్దికొద్దిగా అటూ ఇటూ కదులుతాయి. అలాంటి సమ్మేళనాలకి ఇరవయ్యో శతాబ్దంలో ఆయన పేరే పెట్టారు. నియమాన్ని పిల్లలకి చెప్పేటప్పుడు ఈ మినహాయింపు చెప్పకపోయినా నష్టం లేదు గానీ, వాదనలో ఓడినవాడు కూడా ఏదో ఒకటి సరిగ్గా చూసే ఉంటాడని చెప్పడానికి దీనికంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మేస్త్రి: ఇంతసేపూ నువ్వు రెండు నాలుకలతో మాట్లాడుతున్నావమ్మా. ఒకసారి తుప్పులో 21 పాళ్లు ఇనుం ఉందంతావు. ఇంకోసారి అది ఇనుం కాదంతావు. ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఒక్క మాట మీద నిలబడు.

టీచరు: ఇది మంచి దెబ్బే. నౌపడ ఉప్పు తీసుకో. ఉప్పులో ఉన్నవి సోడియం, క్లోరిన్. సోడియం ముక్కని మా ల్యాబులో కిరసనాయిల్లో దాస్తాం. నీటిలో వేస్తే చిటపటలాడి అంటుకుంటుంది. క్లోరిన్ పసుపుపచ్చ విషవాయువు. 1915లో బెల్జియంలో ఈప్ర అనే ఊరి దగ్గర జర్మన్ సైన్యం దాన్ని గాలిలోకి వదిలి సైనికుల్ని చంపింది. ఈ రెండూ ఉప్పులో ఉన్నాయి. రోజూ చారులో వేసుకుంటున్నాం. నోరు కాలుతోందా? ఊపిరాడకుండా పోతోందా?

మేస్త్రి: లేదు. అయితే అవి అందులో లేనట్టే కదా.

టీచరు: ఉన్నాయి. ఉప్పుని కరిగించి కరెంటు పంపితే అవే సోడియం, క్లోరిన్ బయటికొస్తాయి. పోయినది వాటి గుణం. వాటి పరమాణువులు పోలేదు. మెండలీవ్ ఈ తేడాని గట్టిగా పట్టుకున్నాడు. మనం ఇనుము అంటే రెండు సంగతులు కలిపి అంటున్నాం. ఒకటి, నువ్వు సాగగొట్టే, మెరిసే, వేడి పాకే లోహం. రెండోది, ఆ లోహంలోనూ తుప్పులోనూ ఎర్ర నేలలోనూ మన నెత్తుటిలోనూ మారకుండా ఉండే ఇనుము పరమాణువు. తుప్పులో మొదటిది లేదు, రెండోది ఉంది. ఆవర్తన పట్టికలో గడి ఉన్నది ఆ రెండోదానికి.

మేస్త్రి: మారకుండా ఉంటాదని నీకెలగ తెల్సు? సున్నం కూడా మూలకమేనని ఒకప్పుడు అనుకున్నారని నువ్వే సెప్పేవు. తరవాత అది విరిగింది. ఇనుం కూడా రేపు విరగదని గ్యారంటీ ఏటి?

టీచరు: లావోయిజర్ 1789లో తన పుస్తకంలో 33 మూలకాల పట్టిక వేశాడు. అందులో సున్నం ఉంది, సిలికా ఉంది, వెలుతురు కూడా ఉంది. ఇప్పటికి విడగొట్టలేకపోయినదాన్ని మూలకమని పిలుద్దామన్నాడు. 1808లో డేవీ కరెంటుతో సున్నంలోంచి కాల్షియం తీశాడు. 1824లో బెర్జీలియస్ సిలికాలోని సిలికాన్‌ని వేరు చేశాడు. అవి పట్టికలోంచి పోయాయి. నీ అనుమానం ఆ రోజుల్లో పెడితే సరైన అనుమానమే. 1913లో మోజ్లీ ఎక్స్ కిరణాలతో ఒక్కో మూలకానికి ఒక్కో అంకె ఉందని తేల్చాడు. ఇనుముది 26. పరమాణువు నడిమధ్య 26 ప్రోటాన్లు ఉన్నదల్లా ఇనుము. నీ మంట, యాసిడ్, ఉప్పు, కరెంటు, ఏవీ ఆ 26ని ముట్టుకోలేవు. అది మారాలంటే నక్షత్రాల్లోనో అణు రియాక్టర్లలోనో మారాలి.

మేస్త్రి: అంకెలు నాకు సెప్పొద్దు. తుప్పులోంచి ఇనుం తీసి నా కళ్లకి సూపించు. అప్పుడు ఉందంటాను.

టీచరు: నువ్వు చూశావు. జాడుపూడి దగ్గర లైను మీద పట్టాలు అతికిస్తుంటే నువ్వే వెళ్లి చూసొచ్చి నాకు చెప్పావు.

మేస్త్రి ముఖం వెలిగింది. ఆ పని ఆయనకి ఎంతో ఇష్టమైన జ్ఞాపకం. హౌరా–చెన్నై లైను మీద గ్యాంగువాళ్లు రెండు పట్టాల కొసల్ని వేలెడు సందుతో ఎదురెదురుగా నిలిపి, చుట్టూ మట్టి అచ్చు బిగించి, సందులకి మెత్తి, పట్టాల కొసలు ఎర్రబడేదాకా కాల్చారు. పైన ఒక మూస. అందులో పొట్లం విప్పి బూడిదరంగు గుండ పోశారు. ఒక కాకరపువ్వొత్తి లాంటిది వెలిగించి గుండలో గుచ్చారు. గొంతు వినపడనంత హోరు, కళ్లు చూడలేనంత తెలుపు. కొన్ని సెకన్లకి హోరు తగ్గింది, మూస అడుగున బెజ్జం తెరుచుకుని తెల్లటి ద్రవం అచ్చులోకి దూకింది. పైన తేలిన చిట్టెం పక్కనున్న గిన్నెల్లోకి పొర్లింది. చల్లారకముందే అచ్చు పగలగొట్టి, పైన పొంగింది చెక్కేసి, గ్రైండరు పట్టారు. మరో గంటకి దాని మీదుగా బండి వెళ్లింది.

మేస్త్రి: పెద్ద కొలిమి లేదు, కరెంటు లేదు, ఇంత గుండతో పట్టా అతికిపోయింది. అలాంటి పని మరెక్కడా సూడలేదు.

టీచరు: ఆ పొట్లంలో ఏముందనుకున్నావు?

మేస్త్రి: ఇనుప రజను.

టీచరు: ఇనుము ఆక్సైడు, అల్యూమినియం పొడి. ఆ ఆక్సైడు సాధారణంగా స్టీలు మిల్లుల్లో ఎర్రటి కడ్డీల మీద నుంచి ఊడిపడే నల్లటి పెచ్చు. నువ్వు చచ్చిన ఇనుము అన్నావే, అదే జాతి. దానికి వేడి అంటించగానే అల్యూమినియం ఆక్సిజన్‌ని లాక్కుంది. ఆక్సిజన్ కోసం ఇనుముకంటే అల్యూమినియం ఆకలి ఎక్కువ. వదిలిన ఇనుము కరిగి కిందికి దిగింది. రెండు వేల డిగ్రీలు దాటిన వేడి కదా. పైన తేలిన చిట్టెం అల్యూమినియం ఆక్సైడు. 1895లో గోల్డ్‌ష్మిట్ అనే జర్మన్ దీనికి పేటెంటు తీసుకున్నాడు. తుప్పులోంచి తీసిన ఇనుము మీద నుంచి రోజూ రైళ్లు పోతున్నాయి.

మేస్త్రి: ...

టీచరు: అంతదాకా ఎందుకు, నీ చువ్వలు ఎక్కడివి? విశాఖ ఉక్కు. అక్కడికి ఖనిజం బైలడిల కొండల నుంచి వస్తుంది. ఆ ఖనిజం హెమటైటు, అంటే ఎర్ర ఇనుము ఆక్సైడు. వ్యాగన్లలో వానకి తడుస్తూ వస్తుంది, ఎవరూ దాని మీద పరదా కప్పి కాపాడరు. ఇంక తుప్పు పట్టడానికి దానిలో ఏం మిగిలింది? గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మూడు బ్లాస్ట్ ఫర్నేసులు ఉన్నాయి అక్కడ. కోక్ బొగ్గు మండించి ఆ ఆక్సిజన్‌ని పీకేయడమే వాటి పని. అంత బొగ్గు తగలేసి పీకిన ఆక్సిజన్‌ని ఉద్దానం గాలి ఉచితంగా మళ్లీ ఎక్కిస్తోంది. ఇక్కడి ఎర్ర నేలకి ఆ ఎరుపు ఇచ్చింది కూడా ఇనుము ఆక్సైడులే.

మేస్త్రి: అయితే నేను చువ్వకి రాసే రెడ్ ఆక్సైడు?

టీచరు: అదీ ఇనుము ఆక్సైడే. డబ్బాలో ఎర్రరంగు అదే.

మేస్త్రి: తుప్పు పట్టకుండా తుప్పే రాస్తున్నానన్న మాట.

టీచరు: అవును. గాలిలో పట్టిన తుప్పు నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. అది ఆక్రమించే చోటు అసలు ఇనుముకి రెండింతల పైమాటే. అందుకే పెచ్చులూడుతుంది, స్లాబు లోపల చువ్వకి పడితే కాంక్రీటునే చీలుస్తుంది. డబ్బాలోది ముందే మారిపోయి, మెత్తగా నూరి, అంటుకునే నూనెలో కలిపిన పొడి. అది ఇంక దేనితోనూ కలవదు, ఉబ్బదు. పేరు ఒకటే, బంధువులే, కానీ చేసే పని వేరు. సమ్మేళనాన్ని దానిలోని మూలకాన్ని బట్టి అంచనా కట్టకూడదనేది ఇందుకే.

మేస్త్రి: మరి మా మనవరాలికి స్కూల్లో ఐరన్ మాత్ర ఇస్తున్నారు. అందులో ఏది ఉంది? లోహమా, తుప్పా?

టీచరు: రెండూ కాదు. వారానికి ఒకటి ఇచ్చే ఆ నీలం మాత్రలో ఫెర్రస్ సల్ఫేట్ ఉంటుంది. ఇనుము, గంధకం, ఆక్సిజన్ కలిసిన సమ్మేళనం. మాత్ర మీద 60 మిల్లీగ్రాములని రాసింది అందులోని ఇనుము లెక్క మాత్రమే, మింగిన మందు బరువు అంతకు మూడింతలు ఉంటుంది. ఫెర్రస్ సల్ఫేట్ కడుపులో కరుగుతుంది, పేగు ఇనుముని అందుకుంటుంది. అదే 60 మిల్లీగ్రాముల ఇనుమున్న తుప్పు నాకితే నెత్తురు పట్టదు. అది కరగదు, వచ్చిన దారినే పోతుంది. అలాగని కరిగేది మంచిదని ఎక్కువ మింగకూడదు. చిన్నపిల్లలు ఆ మాత్రలు గుప్పెడు మింగేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఒకటే ఇనుము, ఒక సమ్మేళనంలో మందు, ఇంకో సమ్మేళనంలో మట్టి.

మేస్త్రి: ఇది మాత్రం ముందే సెప్పాల్సింది. ఇనుం పెనం మీద అట్లేసుకుంటే చాలనుకున్నాను.

టీచరు: పెనం మీద పులిసిన పిండి వేస్తే ఆ పులుపు కొంచెం ఇనుముని కరిగించి తీసుకుంటుంది, అదీ నిజమే. కానీ నెత్తురు తగ్గిన పిల్లకి అది చాలదు. డాక్టరు చెప్పిన మాత్ర మానకూడదు.

మేస్త్రి: ఇంకొకటి అడుగుతాను. మన బోరు నీళ్లు పరీక్ష చేసి కాగితాలిస్తారు కదా. కిడ్నీ జబ్బు భయానికి ఊళ్లో అందరూ ఆ కాగితాలు పట్టుకుని తిరుగుతున్నారు. ఒకరి కాగితంలో సిలికా 60 అని ఉంది, ఇంకొకరిది 28 అని ఉంది. 28 ఉన్నాయన మా బోరు మంచిదని సెప్పుకుంటున్నాడు.

టీచరు: ఆగు మావయ్యా. ఉద్దానం కిడ్నీ జబ్బుకి ఇదీ కారణమని ఇంకా తేలలేదు. ఇక్కడి నీళ్లలో సిలికా మీద చాలామంది పరిశోధకులు దృష్టి పెట్టారన్నది నిజమే, కానీ ఆ ఒక్క అంకె చూసి ఎవరూ భయపడకూడదు, ఎవరూ ధీమా పడకూడదు. ఆ 60, ఈ 28 ఒకే నీరు కావచ్చు. సిలికాన్ మూలకం, సిలికా దాని ఆక్సైడు. 28 పాళ్ల సిలికాన్ 32 పాళ్ల ఆక్సిజన్‌తో కలిస్తే 60 పాళ్ల సిలికా. ఒక ల్యాబు మూలకం లెక్కలో రాస్తుంది, ఇంకోటి సమ్మేళనం లెక్కలో రాస్తుంది. నైట్రేట్ సంగతీ అంతే. మన దేశంలో తాగే నీటికి లీటరుకి 45 మిల్లీగ్రాములు హద్దు, అమెరికాలో 10. వాళ్లది మనకంటే నాలుగింతలు కఠినమనుకుంటాం. వాళ్లు అందులోని నైట్రోజన్ ఒక్కదాన్నే లెక్కేస్తారు, మనం మొత్తం నైట్రేట్‌ని తూస్తాం. రెండు హద్దులూ దాదాపు ఒక్కటే.

మేస్త్రి: అయితే ఆ కాగితాలన్నీ తెచ్చి నీ ముందు పెడతాను. ఏది ఏ లెక్కో తేల్చు.

టీచరు: తే. ముందు నువ్వే చూడొచ్చు. అంకె పక్కన ఇంగ్లీషులో ఎస్, ఐ అని రెండక్షరాలే ఉంటే అది సిలికాన్. వాటి తర్వాత ఓ, కింద చిన్న 2 కూడా ఉంటే సిలికా. ఏమీ రాయకపోతే ఆ కాగితం పక్కన పెట్టు, ల్యాబువాళ్లని అడిగి రాయించుకుందాం.